తాంబా పల్లెలో పాత జపాన్ ఇల్లు: వెనక కాపురం, ముందు కాఫీ షాపు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తూర్పుకిటికీ (ప్రశ్న)

హ్యోగో ప్రిఫెక్చర్‌లో తాంబా వైపు ఒక కొమింకా, అంటే పాతకాలపు చెక్క ఇల్లు, చూశాం. ఖాళీ ఇళ్ళ జాబితా అయిన అకియా బ్యాంక్‌లో పెట్టిన ఇల్లు, అడుగుతున్న ధర 45 లక్షల యెన్. బయానా ఇచ్చేముందు ఈ పని తెలిసినవాళ్ళ మాట వినాలని రాస్తున్నాను.

ఒంటంతస్తు ఇల్లు, 148 చదరపు మీటర్లు, యుద్ధానికి ముందు కట్టినది. గడ్డి కప్పు, దాని మీద రేకు తొడుగు. స్తంభాలు నేరుగా రాళ్ళ మీద నిలబడి ఉన్నాయి, పునాది అంటూ లేదు. తలుపు తీయగానే మట్టినేల దోమా, దాన్ని ఆనుకుని నాలుగు తతామి (గడ్డి చాపలు పరిచిన) గదులు. ఉత్తరం వైపు 1970లలో కలిపిన వంటిల్లు, టైల్స్ వేసిన స్నానాలగది. మరుగుదొడ్డి గుంట రకం, నీళ్ళు బావివి. పదేళ్ళుగా ఎవరూ లేరు. పక్కనే 300 చదరపు మీటర్ల పొలం ముక్క కూడా ఇస్తామంటున్నారు, కార్లు పెట్టుకోవడానికి పనికొస్తుందని మా లెక్క.

దోమా, ముందు గదులు కలిపి 45 చదరపు మీటర్లలో 16 కుర్చీల కాఫీ షాపు, మిగతాది మా కాపురానికి. బాగుచేతకు చేతిలో ఉన్నది 2 కోట్ల యెన్. అనుమతుల్లో మమ్మల్ని ఆపేసేది ఏది? నేల ఒక మూలకి వాలి ఉంది, అది ఎంత పెద్ద జబ్బు? రేకు తీసేసి గడ్డి కప్పు బయటికి కనిపించేలా చేయొచ్చా?

---

దస్తావేజు

కాగితాలతో మొదలుపెట్టండి. ఇలాంటి బేరాలు ఇంటి బాగోగులకంటే ముందు ఇక్కడే ఆగిపోతాయి.

హోముక్యోకులో, అంటే ఆస్తుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, రిజిస్ట్రీ నకలు తీయించి యజమాని పేరు ఎవరిదో చూడండి. పల్లె ఇళ్ళలో అది చాలాసార్లు ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి వారసత్వ నమోదు తప్పనిసరి. వారసత్వం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలోపు చేయించాలి, లేకపోతే లక్ష యెన్ వరకు జరిమానా. ఆ పని అమ్మేవాళ్ళది. వారసులందరి సంతకాలూ అయి, నమోదు పూర్తయ్యేదాకా బయానా ఇవ్వకండి. తర్వాత కలిపిన వంటిల్లు రిజిస్ట్రీలో ఉందో లేదో కూడా చూడండి. మధ్యవర్తి ఉంటే, 80 లక్షల యెన్ లోపు ఇళ్ళకు 2024 జూలై నుంచి పన్నుతో కలిపి 3.3 లక్షల యెన్ దాకా ఫీజు తీసుకోవచ్చు. చవక ఇల్లు కాబట్టి ఫీజూ చవకే అనుకుని లెక్క వేయకండి.

తర్వాత మునిసిపాలిటీ నగర ప్రణాళిక విభాగానికి వెళ్ళి ఆ స్థలం ఏ పరిధిలో ఉందో అడగండి. ప్రణాళిక ప్రాంతం బయట ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే. షిగైకా చోసేయ్ కుయికి, అంటే ఊరు పెరగకుండా ఆపి ఉంచిన ప్రాంతంలో ఉంటే మాత్రం, ఇంటిని కాఫీ షాపుగా మార్చడానికి విడిగా అనుమతి కావాలి. అది ఇస్తారో లేదో తేలకుండా కొనొద్దు. మొదటి రకం లోరైజ్, అంటే తక్కువ ఎత్తు ఇళ్ళ, నివాస ప్రాంతమైతే షాపు 50 చదరపు మీటర్లు దాటకూడదు, మొత్తం ఇంట్లో సగానికి మించకూడదు. మీ 45 అందులో ఇముడుతుంది.

నిర్మాణ చట్టం విషయంలో మీ ఇంటి కొలత మీకు కలిసొచ్చింది. వాడుక మార్పుకు 200 చదరపు మీటర్లు దాటితేనే దరఖాస్తు పెట్టాలి, 2019 జూన్‌కు ముందు ఆ హద్దు 100. ఇక 2025 ఏప్రిల్‌లో వచ్చిన మార్పు ప్రకారం రెండంతస్తుల చెక్క ఇల్లు గానీ, 200 దాటిన ఇల్లు గానీ అయితే దూలాలు, స్తంభాలు, కప్పు, గోడల్లాంటి ప్రధాన భాగాల్లో ఏ ఒక్క రకంలోనైనా సగానికి మించి మార్చినప్పుడు కాకునిన్, అంటే నిర్మాణ నిర్ధారణ, దరఖాస్తు తప్పనిసరి. ఒంటంతస్తు, 200 లోపు కాబట్టి మీకు ఆ బాధ లేదు. ఒక్కటే షరతు, కప్పు కింది అటకని రెండో అంతస్తుగా లెక్కకట్టి ఉండకూడదు. రిజిస్ట్రీలో 'ఒంటంతస్తు' అనే మాట మీ కళ్ళతో చూడండి. దరఖాస్తు అక్కర్లేదంటే నిబంధనలు వర్తించవని కాదు. తర్వాత తనిఖీలో దొరికితే బాధ్యత యజమానిదే.

పొలం ముక్క గురించి. రిజిస్ట్రీలో 'పొలం' అని ఉన్న నేల మీద అనుమతి లేకుండా కారు పెట్టడం కూడా తప్పే. పార్కింగ్ కోసం కొనాలంటే వ్యవసాయ భూమి చట్టం 5వ సెక్షన్ కింద, ఊరి వ్యవసాయ కమిటీ ద్వారా అనుమతి తెచ్చుకోవాలి. అది సాగుకే కేటాయించిన నేల, వాళ్ళు 'అఓజి' అనేది, అయితే ముందు ఆ జాబితాలోంచి తీయించాలి. ఆ దరఖాస్తులు చాలాచోట్ల ఏడాదికి ఒకటి రెండుసార్లే తీసుకుంటారు. సాగు చేసుకుంటామంటే 3వ సెక్షన్ చాలు. కనీసం ఇంత విస్తీర్ణం ఉండాలన్న నిబంధనను 2023 ఏప్రిల్‌లో ఎత్తేశారు కాబట్టి చిన్న ముక్కైనా కొనుక్కోవచ్చు, కానీ అక్కడ కూరగాయలు పండాలి, కార్లు కాదు.

మీ నివాస హోదా రాయలేదు. శాశ్వత నివాసం ఉంటే సరే. ఐటీ ఉద్యోగ వీసా మీద ఉండి సొంత షాపు నడపడం కుదరదు. వ్యాపార నిర్వహణ వీసాకి 2025 అక్టోబర్ 16 నుంచి పెట్టుబడి 50 లక్షల నుంచి 3 కోట్ల యెన్‌కి పెరిగింది, పూర్తికాలపు ఉద్యోగి ఒకరు ఉండాలి, పైగా ఇల్లూ వ్యాపార స్థలమూ ఒకటే కావడాన్ని సాధారణంగా ఒప్పుకోరు. ఇల్లు ఎవరైనా కొనుక్కోవచ్చు గానీ, కొన్నంత మాత్రాన ఉండే హక్కు రాదు.

ఊరు ఇచ్చే సబ్సిడీ మీద ఆశ ఉంటే మంజూరు కాగితం చేతికి రాకముందు ఒక్క పలక కూడా పీకకండి. పని మొదలైపోయిందని తేలితే దరఖాస్తు చెల్లదు.

---

నీటివాటం

పైన చెప్పినవన్నీ దాటినా, ఇలాంటి షాపుల బడ్జెట్‌ను మింగేది మురుగు. దాన్ని ఎవరూ ముందు అడగరు.

ఆ వీధిలో మురుగు కాలువ గానీ, పల్లెల కోసం వేసిన ఉమ్మడి మురుగు లైను గానీ ఉందా? ఉంటే దానికి కలిపేయండి, ఈ పేరా వదిలేయండి. లేకపోతే జొకాసో, అంటే ఇంటి దగ్గరే మురుగును శుద్ధిచేసే ట్యాంకు, పూడ్చాలి. ఒక్క మరుగుదొడ్డి నీళ్ళనే శుద్ధిచేసే పాత రకాన్ని 2001 నుంచి కొత్తగా పెట్టనివ్వరు. వంటింటి నీళ్ళతో సహా అన్నీ తీసుకునేదే పెట్టాలి. దాని సైజు మీ ఇంట్లో ఎంతమంది ఉంటారన్న దాన్ని బట్టి కాదు, జపాన్ పారిశ్రామిక ప్రమాణం జేఐఎస్ ఏ 3302 లెక్క ప్రకారం నేల విస్తీర్ణాన్ని బట్టి. ఇల్లు 130 చదరపు మీటర్ల లోపైతే 5 మంది ట్యాంకు. కాఫీ షాపుకి చదరపు మీటరుకి 0.80 మంది. మీ 45కి 36, ఇంటి భాగానికి 5, మొత్తం 41 మంది ట్యాంకు. మామూలు ఇంటి ట్యాంకు తవ్వకంతో కలిపి సుమారు పది లక్షల యెన్‌లో అయిపోతుంది, ఇది దానికి అనేక రెట్లు. ఇళ్ళకిచ్చే సబ్సిడీ కూడా దీనికి రాకపోవచ్చు.

దారులు రెండు. వాస్తవ వాడకానికి లెక్క సరిపోవడం లేదని చూపిస్తే సంఖ్య తగ్గించే వెసులుబాటు అదే ప్రమాణంలో ఉంది. కుర్చీల సంఖ్య, రోజుకి వచ్చే జనం, అదే రకం షాపు నీటి బిల్లులు పెట్టి నిర్మాణ అనుమతుల అధికారిని అడగాలి. ఇస్తారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. రెండోది, షాపు విస్తీర్ణమే తగ్గించడం. 30 చదరపు మీటర్లకి కుదిస్తే 24, ఇంటి 5 కలిపి 29. ప్లాన్ గీసేముందే ఈ లెక్క వేసుకోవాలి. శుద్ధి అయిన నీళ్ళు ఎక్కడికి వదులుతారన్నది ఇంకో ప్రశ్న. పొలాల కాలువలోకైతే ఆ కాలువ చూసుకునే రైతుల సంఘం ఒప్పుకోవాలి. దీన్ని మర్యాదగా, ముందుగా అడగండి, తవ్వకం మొదలయ్యాక కాదు. పెట్టాక ఏడాదికోసారి చట్టప్రకారం తనిఖీ, ఏడాదికోసారి మడ్డి తీయడం, మధ్యలో నిర్వహణ సందర్శనలు. ఇవన్నీ నెలవారీ ఖర్చులో రాసుకోండి.

బావి నీళ్ళతో షాపు నడపొచ్చు. క్లోరిన్ కలిపే పంపు ఉండాలి, ఏడాదికి కనీసం ఒకసారి నీటి పరీక్ష ఉండాలి, కొళాయి దగ్గర లీటరుకి 0.1 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. కొనకముందే ఒక సీసా నీళ్ళు పరీక్షకి పంపండి. బ్యాక్టీరియా కనిపిస్తే క్లోరిన్‌తో పోతుంది. ఇనుము, మాంగనీస్ ఎక్కువుంటే విడిగా ఫిల్టర్ కావాలి, లేకపోతే ఎస్ప్రెసో మెషీన్ లోపల గారకట్టి పాడవుతుంది. వీధిలో కొళాయి లైను ఉంటే కనెక్షన్ ఖర్చుతో పోల్చి చూడండి. నా ఓటు కొళాయికే.

వంటగది విషయం. 2021 జూన్ నుంచి కాఫీ షాపుకి వేరే లైసెన్స్ లేదు, రెస్టారెంట్ లైసెన్సే. మీ ఇంటి వంటిల్లూ షాపు వంటగదీ ఒకటి కాకూడదు, మధ్యలో తలుపు, గోడ ఉండాలి. చేతులు కడిగే బేసిన్‌కి తిప్పే కొళాయి పెట్టకండి. మోచేత్తో నెట్టే లివర్ గానీ సెన్సర్ గానీ ఉండాలి, కడిగిన చేత్తో మళ్ళీ మురికి కొళాయి పట్టుకోకూడదన్నది లెక్క. నేల, గోడలు నీళ్ళతో కడగ్గలిగేవి కావాలి, ఫ్రిజ్‌కి థర్మామీటర్, వేడినీళ్ళు ఉండాలి. గీసిన ప్లాన్ పట్టుకుని ప్రజారోగ్య కార్యాలయమైన హోకెన్‌జోకి వెళ్ళి, ఏ సింక్ ఎక్కడో వాళ్ళతోనే మార్కు పెట్టించుకుని, ఆ తర్వాతే ప్లంబర్‌ని పిలవండి. రెండు తొట్ల సింక్ కావాలా, ఒకటి చాలా అన్నది ఊరూరికీ మారుతుంది. ఆహార పరిశుభ్రత బాధ్యుడి కోర్సు ఒక్క రోజు, సుమారు పది వేల యెన్. కేకులు షాపులోనే వడ్డిస్తే సరిపోతుంది, ప్యాక్ చేసి బయటికి అమ్మాలంటే మిఠాయి తయారీ లైసెన్స్ వేరే.

అగ్నిమాపక శాఖకి తెరవడానికి వారం ముందు నోటీసు ఇవ్వాలి. మంట వాడే రెస్టారెంట్‌లో 2019 అక్టోబర్ నుంచి ఎంత చిన్నదైనా అగ్నిమాపక సిలిండర్ తప్పనిసరి. 2016లో ఇతోయిగావా పట్టణంలో ఒక రెస్టారెంట్ పొయ్యి నుంచి అంటుకుని వీధులకు వీధులు కాలిపోయాక వచ్చిన నియమం ఇది. సిబ్బందితో కలిపి 30 మంది పట్టే చోటైతే అగ్ని భద్రతా బాధ్యుడిని నియమించాలి, మీ 16 కుర్చీలకి అక్కర్లేదు.

---

రసమట్టం

నేల వాలు గురించి. నేల మీద గోళీ పెడితే దొర్లిందనడం చాలదు, కొలవండి. మూడు మీటర్లకి తగ్గకుండా రెండు బిందువుల మధ్య లేజర్‌తో తేడా తీయండి. వెయ్యికి 3 లోపు పట్టించుకోనక్కర్లేదు. 6 దాటితే నిర్మాణంలో లోపం ఉండే అవకాశం ఎక్కువని జపాన్‌లో పాటించే కొలమానం. అసలు ప్రశ్న వాలు ఎంత అన్నది కాదు, ఏ స్తంభం ఎందుకు దిగిందన్నది.

తతామి ఎత్తి, కింద పలకలు తీసి, టార్చి పట్టుకుని దిగండి. ఉత్తరం వైపు ఆ టైల్స్ స్నానాలగది దగ్గరికి పాకండి, ఈ ఇళ్ళలో జబ్బు దాదాపు ఎప్పుడూ అక్కడే. పాత ఇల్లు గాలి ఆడేలా కట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు సిమెంటు దిమ్మ పోసి, దాని మీద టైల్స్ పరిచి, స్తంభాల కాళ్ళని అందులో పాతేశారు. టైల్ సందుల్లోంచి దిగిన నీరు చెక్క కాలిని వదలదు. ప్రతి స్తంభం మొదట్లో, రాయికి వేలెడు పైన, ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. మంచి చెక్క 'టక్' మని ఆపేస్తుంది. పుచ్చిన చెక్కలోకి శబ్దం లేకుండా దిగిపోతుంది. చేతిలో తేమ మీటర్ ఉంటే 20 శాతం లోపు నిశ్చింత, 30 దగ్గర పడితే కుళ్ళు నడుస్తోందని అర్థం. రాయి మీంచి స్తంభానికి ఎక్కిన పెన్సిల్ లావు మట్టి గొట్టం కనిపిస్తే అది చెదల దారి. గోకి చూడండి, తెల్ల పురుగులు ఉంటే ఇప్పటికీ కాపురం ఉన్నట్టే. లోపలి కొండ ప్రాంతాల్లో ఉండేది సాధారణంగా యమాతో చెద, తడి చెక్కని వదిలి ఎక్కువ దూరం పోదు. అంటే తడి ఆపకుండా మందు కొడితే డబ్బు దండగ. మందు పని చేసేది ఎలాగూ ఐదేళ్ళే.

తడి ఎక్కడినుంచి వస్తోందో బయట చూడండి. గడ్డి కప్పుకి నీటి గొట్టం ఉండదు, చూరు నీళ్ళు నేల మీదే పడతాయి. ఏళ్ళ తరబడి ఆకులు, మట్టి పేరుకుని పెరడు ఎత్తు పెరిగి, చూరు కింద వాన ఇంటి కిందికి తిరుగుతుంది. పెరడు మట్టిని రాళ్ళకంటే కనీసం పది సెంటీమీటర్లు కిందికి గీకేసి, చూరు గీత వెంట కందకం తవ్వి, వడపోత గుడ్డ పరిచి, 100 మిల్లీమీటర్ల చిల్లుల పైపు వందకి ఒకటి వాటంతో వేసి, కంకరతో నింపండి. ఇది బాగుచేతలో అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముందు. ఒక వానాకాలం గడిచాక కింద తేమ మళ్ళీ కొలిస్తే ఇంకేం చేయాలో ఇల్లే చెబుతుంది.

పుచ్చిన కాళ్ళకి స్తంభం మొత్తం మార్చనక్కర్లేదు. నెత్సుగి చేస్తారు: పుచ్చిన భాగం కోసేసి, కింద కొత్త ముక్క అతుకుతారు. చెస్ట్‌నట్ గానీ హినోకి (జపాన్ సైప్రస్) గానీ, బాగా ఆరినది, వేరు వైపు కిందికి ఉండేలా. కనావత్సుగి, అంటే ఒకదానిలో ఒకటి బిగిసే, అతుకైతే దాని పొడవు స్తంభం వెడల్పుకి కనీసం రెండున్నర, మూడు రెట్లు ఉండాలి. పొట్టిగా కోస్తే భూకంపంలో అక్కడే విరుగుతుంది. దానికోసం ఇంటిని ఎత్తాలి. తొందరపడితే చెడేది ఈ దశే. ఒక్క మూలనే జాకీతో లేపితే పక్క గోడల మట్టి పగిలి రాలుతుంది, నుకి, అంటే స్తంభాల గుండా అడ్డంగా దూర్చిన, పలకలు స్తంభంలోంచి చీలుతాయి. వరస మొత్తానికి జాకీలు పెట్టి, అడుగున దుంగల దొంతి పేర్చి, నుకి మేకులు వదులుచేసి, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున లేపుతూ, ప్రతిసారీ లేజర్ చూసుకుంటూ పోవాలి. పదేళ్ళలో దిగిన ఇంటిని ఒక్క పూటలో లేపేస్తామన్న మేస్త్రీని పెట్టుకోకండి.

---

తూర్పుకిటికీ

చాలా థాంక్స్ అండీ. మాకు శాశ్వత నివాసం ఉంది, ఆ దిగులు లేదు. మురుగు లైను మాత్రం లేదు, కాబట్టి 41 మంది లెక్క మాకే.

రసమట్టం గారు, మీరు చెప్పినట్టే చూశాం. 3.6 మీటర్లకి 31 మిల్లీమీటర్ల తేడా. స్నానాలగది పక్క మూల స్తంభంలోకి స్క్రూడ్రైవర్ 4 సెంటీమీటర్లు దిగింది, దాని పక్కదాంట్లోకి కొంచెం. మిగతావి గట్టిగానే ఉన్నాయి. చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు ఏమంటాడంటే, ఇంటి కింద మొత్తం కాంక్రీటు పోసి స్తంభాల కాళ్ళు అందులో కలిపేద్దాం, గోడల్లో ఏటవాలు బ్రేసులు కొడదాం, భూకంపానికి అదే మంచిది అని. దోమా మట్టినేల అలాగే ఉంచుకోవచ్చా? కట్టెల పొయ్యి కూడా పెట్టాలని ఉంది.

---

రసమట్టం

వెయ్యికి 8.6. కారణం దొరికింది కాబట్టి భయపడాల్సింది కాదు, ఆ స్నానాలగది కొట్టేసి రెండు మూడు కాళ్ళు మార్చే పని. ఆ 1970ల పలకలు, షీట్లు పీకేముందు ఆస్బెస్టాస్ పరీక్ష చేయించాలి. 2023 అక్టోబర్ నుంచి అర్హత ఉన్నవాళ్ళే చేయాలి, కాంట్రాక్టు పది లక్షల యెన్ దాటితే ప్రభుత్వానికి ముందుగా నివేదిక కూడా ఇవ్వాలి. కొటేషన్‌లో ఈ వరస లేకపోతే ఎందుకు లేదని అడగండి.

కాంక్రీటులో కాళ్ళు కలపడానికి మాత్రం ఒప్పుకోకండి. స్నానాలగదిలో జరిగినదే ఇల్లంతా జరుగుతుంది. బ్రేసుల సంగతి ఇంకా ముఖ్యం. ఇషిబాదతే, అంటే స్తంభాలు రాళ్ళ మీద నిలబడిన, ఇల్లు ఊగి, నుకి పలకలు నలిగి, మట్టి గోడ పగిలి, అలా బలాన్ని మింగుతుంది. అందులో ఒకచోట బిర్రుగా బ్రేసు కొడితే బలమంతా అక్కడికి పరిగెత్తి, కింద బిగించడానికి ఏమీ లేని స్తంభాన్ని రాయి మీంచి పైకి లాగేస్తుంది. ఉంటే పూర్తిగా ఈ పద్ధతి, లేదా పూర్తిగా ఆ పద్ధతి. మొదటిది: రాళ్ళ మీదే ఉంచి, నేల మట్టంలో స్తంభాలన్నిటినీ అషిగతమె దూలాలతో కట్టి, మట్టి గోడలు బాగుచేసి, గోడ తక్కువున్న చోట చెక్క జాలీ గోడలో మట్టి ప్యానెళ్ళో కలిపి, ఇల్లు ఎంత ఊగితే తట్టుకుంటుందో గెంకై తైర్యొకు పద్ధతిలో లెక్క కట్టించడం. రెండోది: హికియా, అంటే ఇళ్ళని ఎత్తి జరిపే, వాళ్ళతో ఇంటిని మొత్తం పైకెత్తించి, ఇనుము వేసిన కాంక్రీటు పునాది, దాని మీద అడుగు దూలం, అప్పుడు బోల్టులు, బ్రేసులు. ఇది మీ 2 కోట్లలో పెద్ద ముక్క తినేస్తుంది. మీ ఇంటికి నేనైతే మొదటిదే అంటాను, కాకపోతే దక్షిణం వైపు అంతా తలుపులే, ఉత్తరం అంతా గోడలు. ఇల్లు మెలితిరిగే రకం. కాఫీ షాపు కోసం ఉన్న ముందు గోడ ఒక్కటి కూడా తీయకండి, వీలైతే ఒకటి రెండు కలపండి.

కాంట్రాక్టర్‌ని మార్చే ముందు ఒక్క మాట అడగండి: గెంకై తైర్యొకు లెక్క చేసే ఇంజనీరు ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆయన మామూలు ఇళ్ళు బాగా కట్టే మనిషే కావచ్చు, ఈ ఇంటికి మాత్రం కాదు. మట్టి పని గడ్డకట్టే చలికాలంలో పెట్టుకోకండి. పచ్చి మట్టిలో నీరు మంచుగా గడ్డకడితే పొర మొత్తం పెచ్చుగా ఊడిపోతుంది.

---

నీటివాటం

దోమా వంటగది భాగం మట్టినేలగా ఉండటానికి హోకెన్‌జో ఒప్పుకోదు. అక్కడ మట్టి తవ్వి, కంకర దిమ్మిస చేసి, తేమ అడ్డు షీట్ వేసి, ఇనుప జాలీతో 12 నుంచి 15 సెంటీమీటర్ల కాంక్రీటు, కాలువ వైపు వందకి ఒకటి వాటం. స్తంభం రాళ్ళ చుట్టూ చేతి వెడల్పు వదిలి గులకరాళ్ళు నింపండి, కాంక్రీటు రాయిని తాకకూడదు. మురుగు పైపులు, గ్రీజ్ ట్రాప్ (నూనె జిడ్డు పట్టే) గుంట ఈ పోతకి ముందే. ఇది మరిచిపోయి తర్వాత కోసేవాళ్ళకి లెక్కలేదు.

జనం కూర్చునే వైపు తతాకి ఉంచొచ్చు: మట్టి, సున్నం, నిగారి (సముద్రపు ఉప్పు తీశాక మిగిలే ద్రవం) కలిపి కొట్టి గట్టిపరిచే నేల. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ సన్న కాళ్ళ కుర్చీలు దాన్ని తొలిచేస్తాయి, పొద్దస్తమానం తుడిస్తే పొడి లేస్తుంది. నా సలహా అక్కడ కూడా కాంక్రీటే, పైన గులక తేలేలా కడిగిన ముగింపు. పాత మట్టినేల గుమ్మం దగ్గర ఒక్క మీటరు ఉంచుకోండి, చాలు.

---

పొగగూడు

నేల గురించి నీటివాటం గారితో ఏకీభవించను. వెడల్పు కాళ్ళ బల్లలు వేస్తే తతాకి ఏళ్ళకేళ్ళు నిలుస్తుంది, గుంట పడితే అదే మట్టితో పూడ్చుకోవచ్చు. సరే, అది రుచుల తేడా.

రేకు తీయొద్దు. గడ్డి కప్పు మొత్తం కొత్తగా వేయించాలంటే కోటి యెన్ దాటడం మామూలే, సగం బడ్జెట్ అక్కడే అయిపోతుంది. పైగా ఇంట్లో రోజూ పొయ్యి పొగ లేకపోతే పురుగు పట్టి గడ్డి త్వరగా పుచ్చుతుంది. నిర్మాణ చట్టం 22వ సెక్షన్ ప్రాంతంలో, అంటే కప్పులు నిప్పుకి తట్టుకోవాలన్న చోట, ఉంటే బయట కనిపించే గడ్డి కప్పుకి అసలు అవకాశమే లేకపోవచ్చు. రేకు అలాగే ఉంచి, అటకెక్కి లోపలినుంచి చూడండి. మధ్యాహ్నం టార్చి ఆర్పితే చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు కనిపిస్తాయి, వాటి కింద గడ్డిని చేత్తో పిండి తడి చూడండి. కొన వైపు అతుకులు, తుప్పు పట్టిన మేకుల వరస మార్చి, గీకి, తుప్పు అడ్డు ప్రైమర్ కొట్టి రంగేస్తే సరిపోవచ్చు. అటకలో ఒకేచోట పేరుకున్న పెంట కనిపిస్తే పునుగు జాతి హకుబిషిన్ కాపురం అనుకోవాలి. దాన్ని తరమకుండా సందులు మూసేస్తే లోపలే చస్తుంది. ఈ జంతువుని పట్టడానికి కూడా ఊరి అనుమతి కావాలి.

కట్టెల పొయ్యి గొట్టాన్ని గడ్డి కప్పు గుండా పైకి తీయకండి, ఎంత మంచి గొట్టమైనా సరే. ఆ గడ్డి ఒకసారి లోపల రాజుకుంటే బయటికి తెలిసేసరికి ఆపలేరు. పొయ్యిని గెయా కింద, అంటే ప్రధాన కప్పుకి పక్కన దిగే చిన్న చూరు కింద పెట్టి, గొట్టాన్ని ఆ రేకు భాగం గుండా గానీ గోడ గుండా గానీ తీయండి. లోపలి వ్యాసం 150 మిల్లీమీటర్ల రెండు పొరల గొట్టం. చెక్క నుంచి 15 సెంటీమీటర్ల దూరం, కప్పు మీద 60 సెంటీమీటర్ల ఎత్తు చట్టం అడిగే కనీసం. గడ్డి కప్పు పక్కన దానికి ఎంత ఎక్కువుంటే అంత మంచిది, కొన దగ్గర నిప్పురవ్వల జాలీ తప్పనిసరి. గొట్టం ఎక్కువ దూరం అడ్డంగా పోతే పొగ లాగదు, తారు పేరుకుంటుంది. వంటకి మాత్రం గ్యాస్ బదులు ఇండక్షన్ వాడండి. మంట వాడే వంటగదికి గోడ, పైకప్పు 9.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు లాంటి సులువుగా కాలని పదార్థంతో మూయమనే అవకాశం ఉంది, అప్పుడు ఆ నల్లటి దూలాలు అక్కడ కనపడవు. ఇండక్షన్‌ని మంటగా లెక్కించరు.

చలి గురించి మీరు అడగలేదు, మొదటి జనవరిలో అడుగుతారు. ఇంటిని మొత్తం వెచ్చగా ఉంచాలని చూడకండి. కాపురం వైపు రెండు గదుల్ని పెట్టెలా చేసి, నేల కింద 65 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ పలకలు, పైన సీలింగ్ దిగువకి తెచ్చి దాని మీద వేడి నిలిపే ఊలు, కిటికీలకి లోపల రెండో కిటికీ. చట్రాలు చదరంగా ఉండవు, పైకీ కిందికీ సెంటీమీటరు తేడా మామూలు. నాలుగు మూలలా, మధ్యలో, రెండు కర్ణాలూ కొలిచి చిన్న కొలతకి ఆర్డర్ ఇవ్వండి. మట్టి గోడ లోపల మాత్రం ప్లాస్టిక్ షీట్ కొట్టొద్దు. ఎండాకాలం తేమ గోడకీ షీట్‌కీ మధ్య నీరై, వెదురు తడికని నల్లగా పుచ్చబెడుతుంది, బయటికి ఏమీ కనిపించదు. షాపు వైపు ఎత్తు కప్పు అలాగే వదిలేయండి. కూర్చునేవాళ్ళ కాళ్ళ దగ్గర వేడి ఉంటే కోటు తీయకపోయినా కాఫీ తాగుతారు.

---

దస్తావేజు

డబ్బు గురించి చిన్న మాట. ఇంట్లో సగానికి పైగా కాపురం ఉంటేనే ఫ్లాట్ 35 లాంటి ఇంటి రుణం పరిశీలిస్తారు. యుద్ధానికి ముందు ఇల్లు వాళ్ళ సాంకేతిక ప్రమాణం దాటడం కష్టం. షాపు భాగానికి జపాన్ ఫైనాన్స్ కార్పొరేషన్ రుణం విడిగా అడగొచ్చు. అందుకే కొటేషన్లు మొదటినుంచీ ఇల్లు, షాపు అని రెండుగా విడదీసి రాయించుకోండి, పన్ను లెక్కలకీ అదే కావాలి.

అమ్మకపు ఒప్పందంలో 'తర్వాత బయటపడే లోపాలకి అమ్మినవారి బాధ్యత లేదు' అనే వరస ఉంటుంది, ఈ ధరలో అది మామూలే. ఆ స్తంభం సంగతి తెలిసింది కాబట్టి ధరలో తగ్గించమనండి. ఇంట్లో మిగిలిన సామాను, బుద్ధుడి అల్మరా ఎవరు తీయాలో కూడా అందులో రాయించండి. కొండ పక్కనైతే హజార్డ్ మ్యాప్‌లో అది కొండచరియల ప్రమాదం ఎక్కువున్న ఎర్ర ప్రాంతమా, తక్కువున్న పసుపా చూడటం మర్చిపోవద్దు. ఎర్రదైతే నేను వదిలేయమంటాను.

---

నీటివాటం

కరెంటు ఎవరూ ముట్టుకోలేదు. ఆ వయసు ఇంటికి వచ్చేది రెండు తీగల 100 వోల్టులు కావచ్చు. ఇండక్షన్‌కి, రెండు గ్రూపుల ఎస్ప్రెసో మెషీన్‌కి 200 కావాలి కాబట్టి మూడు తీగల లైను, కొత్త బోర్డు. కాన్సాయ్‌లో 6 కేవీఏ దాటితే ఒప్పందం రకం మారుతుంది, మెషీన్, పొయ్యి, గీజరు, ఏసీ ఒకేసారి నడిచే లెక్క వేసి అడగండి. అటకలో పింగాణీ గుబ్బల మీద వేలాడే పాత తీగలు ఉంటే మొత్తం తీసేయాల్సిందే, ఎలుక కొరికిన చోటు గడ్డికి తగులుతూ ఉంటుంది. ఇంకోటి, అటువైపు కరెంటు 60 హెర్ట్జ్. టోక్యో వైపు వాడిన పాత ఫ్రీజరు, డిష్‌వాషరు చవకగా దొరికితే వెనక ప్లేటు చదివి కొనండి, 50 ఒక్కటే రాసి ఉంటే వదిలేయండి.